ఎలక్ట్రానిక్స్ తయారీ లైన్‌లోంచి సీసాన్ని ఎలా తీసేయాలి

లెడ్ ఫ్రీకి, అంటే సీసం లేని తయారీకి, మారాక మా లైన్‌లోంచి బయటికి వెళ్లిన మొదటి బ్యాచ్ పరీక్షలో ఫెయిలైంది. సోల్డర్ (పార్టులను బోర్డుకు అతికించడానికి కరిగించే లోహం) కొత్తది, బోర్డులు కొత్తవి. సీసం దొరికింది మాత్రం ఒక కనెక్టర్ పిన్నుల పూతలో. ఆ కనెక్టర్లు స్టోరు రూములో వెనక వరసలో మిగిలిపోయిన పాత స్టాకు. పార్టు నంబరు ఒకటే కాబట్టి కొత్త డబ్బాతో పాటు పాత డబ్బా కూడా లైన్‌లోకి వచ్చేసింది. ఆ బ్యాచ్ మొత్తం పక్కన పెట్టాల్సి వచ్చింది.

సోల్డర్ మార్చడం ఒక పూట పని. పాత సీసం ఎక్కడెక్కడ నక్కి ఉందో వెతికి పట్టుకోవడానికి మాత్రం నెలలు పడుతుంది. మీది పెద్ద అసెంబ్లీ లైన్ అయినా, నలుగురు పనిచేసే చిన్న వర్క్‌షాపు అయినా, కింద చెప్పిన వరుసలో వెళ్లండి. మేము పడ్డ తిప్పల్లో చాలావరకు మీకు తప్పుతాయి.

ముందుగా: సీసం మనిషి ఒంట్లోకి ఎలా వెళ్తుందో మీ వాళ్లకు చెప్పండి

సీసం ఇంతవరకైతే ఫర్వాలేదు అని చెప్పగలిగే మోతాదు ఏదీ తెలియదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటోంది. శరీరం దాన్ని కాల్షియం అనుకుని ఎముకల్లో దాచుకుంటుంది, అక్కడ దశాబ్దాల పాటు ఉండిపోతుంది. తల్లి గర్భంతో ఉన్నప్పుడు ఎముకల్లోంచి కదిలి బిడ్డకు చేరుతుంది. చిన్నపిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది, ఆ నష్టం తర్వాత పూడేది కాదు.

సోల్డరింగ్ చేసేవాళ్లలో చాలామందికి పొగ అంటేనే భయం. ఆ పొగలో ఉండేది ఎక్కువగా ఫ్లక్స్, అంటే సోల్డర్ బాగా పట్టడానికి లోహాన్ని శుభ్రం చేసే పదార్థం. సీసం 327 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది, మరిగేది మాత్రం 1749 డిగ్రీల దగ్గర. 350 డిగ్రీల సోల్డరింగ్ ఐరన్ కింద అది ఆవిరయ్యేది చాలా తక్కువ. ఒంట్లోకి వెళ్లే అసలు దారి చేతులు. వైరు పట్టుకున్న వేళ్లతో తినడం, ముఖం తుడుచుకోవడం, సోల్డర్ వైరును పళ్లతో పట్టుకోవడం. ఈ చివరి అలవాటు మీ దగ్గర ఎవరికైనా ఉంటే ఈరోజే మాన్పించండి. రెండో దారి, వేవ్ మెషీన్ (బోర్డు అడుగును కరిగిన సోల్డర్ అల మీదుగా నడిపించే యంత్రం) పాట్‌లో, అంటే సోల్డర్ కరిగి ఉండే తొట్టిలో, పైన తేలే డ్రాస్ అనే తెట్టు. దాన్ని తీసేటప్పుడు లేచే బూడిదరంగు పొడిలో సీసం ఆక్సైడ్ ఉంటుంది. ఆ పొడి బట్టలకు, చెప్పులకు అంటుకుని ఇంటికి వెళ్తుంది. ఇంట్లో నేల మీద పాకే పిల్లలకు చేరేది అదే.

కాబట్టి మార్పు పూర్తయ్యేవరకు బెంచీ దగ్గర తినడం, తాగడం పూర్తిగా ఆపండి. చేతులు సబ్బుతో కడుక్కోవాలి, శానిటైజర్ సీసాన్ని తీసేయదు. డ్రాస్ తీసే మనిషికి దుమ్మును ఆపే సరైన మాస్కు, గ్లవ్స్, విడిగా పనిబట్టలు ఇవ్వండి. పొగ లాగే ఫ్యాన్ తీసేయొద్దు. రోజిన్ ఫ్లక్స్ పొగ ఉబ్బసం తెప్పిస్తుంది, లెడ్ ఫ్రీలో వేడి పెరుగుతుంది కాబట్టి ఆ ఫ్యాన్ అవసరం ఇంకా ఎక్కువవుతుంది.

మొదటి అడుగు: సీసం ఎక్కడెక్కడ ఉందో జాబితా రాయండి

నియమం ఏమిటో ముందు తెలియాలి. ఎలక్ట్రానిక్ వస్తువుల్లో హానికర పదార్థాలకు హద్దులు పెడుతూ యూరోపియన్ యూనియన్ తెచ్చిన రోహ్స్ ఆదేశం 2006 జూలై 1 నుంచి అమల్లో ఉంది. 2011లో దాన్ని తిరగరాశారు. చాలా దేశాల నిబంధనలు అదే దారిలో వచ్చాయి. అందులో సీసానికి హద్దు బరువులో 0.1 శాతం, అంటే 1000 పీపీఎం (పది లక్షల భాగాల్లో వెయ్యి). ఈ అంకె అందరికీ తెలుసు. ఆ 0.1 శాతం దేనిలో అన్నది చాలామంది పొరపాటు పడే చోటు.

అది మొత్తం వస్తువు బరువులో కాదు, బోర్డు బరువులో కూడా కాదు. యాంత్రికంగా విడదీయడానికి వీలులేని ఒక్కో పదార్థంలో విడివిడిగా లెక్క చూడాలి. అంటే రెసిస్టర్ కాలి మీద మైక్రాన్ల మందంలో ఉన్న పూత కూడా ఒక పదార్థమే. కిలో బరువున్న వస్తువులో ఒక్క పార్టు కాలి పూతలో సీసం హద్దు దాటితే ఆ వస్తువు ఫెయిలే. మా కనెక్టర్ కథ ఇదే.

బీఓఎమ్ (వస్తువులో వాడే పార్టుల జాబితా) ముందు పెట్టుకుని ప్రతి వరసకీ ఈ ప్రశ్న వేయండి: దీని కాళ్ల పూత ఏమిటి? తర్వాత బీఓఎమ్‌లో లేనివి చూడండి. వైర్ల పీవీసీ తొడుగులో స్టెబిలైజర్‌గా సీసం వాడతారు. కొన్ని పెయింట్లలో, రంగు పొడుల్లో ఉంటుంది. ఇత్తడి స్క్రూలు, స్టాండాఫ్‌లు, కనెక్టర్ పిన్నుల్లో లేత్ మీద తేలిగ్గా తెగడానికి కలుపుతారు. సోల్డర్ మాటే వినిపించని ఈ చోట్లను ఎక్కువమంది వదిలేస్తారు.

కొన్నింటికి చట్టమే వెసులుబాటు ఇచ్చింది. పవర్ పార్టుల లోపల చిప్‌ను అతికించే, 85 శాతం పైగా సీసం ఉన్న అధిక ఉష్ణోగ్రత సోల్డర్, కొన్ని పార్టుల గాజు, సెరామిక్ భాగాల్లోని సీసం, ఉక్కులో 0.35 శాతం వరకు, అల్యూమినియంలో 0.4 శాతం వరకు, రాగి మిశ్రమాల్లో 4 శాతం వరకు అనేవి వాటిలో ముఖ్యమైనవి. ఇవి శాశ్వతం కావు. వీటికి గడువులుంటాయి, పదాలు మారుతుంటాయి. మీ జాబితాలో ఏ పార్టు ఏ వెసులుబాటు మీద నడుస్తోందో పక్కన రాసి పెట్టుకోండి, లేకపోతే గడువు తీరిన రోజు మీకు తెలియను కూడా తెలియదు.

రెండో అడుగు: ఒకే సోల్డర్ మిశ్రమం ఎంచుకోండి

పాత 63/37 సోల్డర్‌లో 63 శాతం తగరం, 37 శాతం సీసం. అది 183 డిగ్రీల దగ్గర ఒక్కసారిగా కరిగి, ఒక్కసారిగా గట్టిపడుతుంది. అందుకే అందరికీ అది అంత ఇష్టం. దాని బదులు వచ్చినవాటిలో మూడు రకాలు మీకు ఎక్కువగా ఎదురవుతాయి.

శాక్ 305 అంటే 96.5 శాతం తగరం, 3 శాతం వెండి, 0.5 శాతం రాగి. 217 నుంచి 220 డిగ్రీల మధ్య కరుగుతుంది. రీఫ్లోకి, అంటే బోర్డు మీద సోల్డర్ పేస్టు పూసి, పార్టులు పెట్టి, ఓవెన్‌లో కరిగించే పద్ధతికి, నేను దీన్నే సూచిస్తాను. అందరూ వాడేది కాబట్టి పేస్టు తయారీదారులు, పార్టుల తయారీదారులు దీనికే పరీక్షలు చేసి ఉంటారు. వెండి వల్ల ఖరీదు ఎక్కువ. వస్తువు కింద పడే రకమైతే, అంటే చేతిలో పట్టుకుని తిరిగేదైతే, వెండి తక్కువున్న మిశ్రమాలు దెబ్బకు మెరుగ్గా నిలబడతాయి.

తగరం, రాగి మిశ్రమం 99.3, 0.7 పాళ్లలో ఉంటుంది. 227 డిగ్రీల దగ్గర కరుగుతుంది. వెండి లేదు కాబట్టి చవక. వందల కిలోలు పట్టే వేవ్ పాట్‌కి ఇది సరిపోతుంది. ఇందులో కొద్దిగా నికెల్ కలిపిన రకం మెరుగ్గా పారుతుంది, రాగిని తక్కువగా తింటుంది. అదే తీసుకోండి.

తగరం, బిస్మత్ మిశ్రమం 138 డిగ్రీలకే కరుగుతుంది. వేడి తట్టుకోని పార్టులకు చాలా మంచిది. అయితే మీ లైన్‌లో సీసం పూర్తిగా పోయేవరకు దాని జోలికి వెళ్లొద్దు. తగరం, సీసం, బిస్మత్ మూడూ కలిస్తే 96 డిగ్రీలకే కరిగే మిశ్రమం ఏర్పడుతుంది. నీళ్లు మరిగే వేడి కూడా లేదు. పాత పూత ఉన్న ఒక్క కాలు చాలు, ఆ జాయింటు వస్తువు వేడెక్కినప్పుడల్లా మెత్తబడుతుంది.

రీఫ్లోకి ఒకటి, వేవ్‌కి ఒకటి, చేతి సోల్డరింగ్‌కి వాటిలోనే ఒకటి. అంతకంటే ఎక్కువ రకాలు స్టోరులో ఉంచితే కలిసిపోవడం ఖాయం.

మూడో అడుగు: పార్టులు, బోర్డులు ఆ వేడిని తట్టుకుంటాయా చూడండి

కరిగే ఉష్ణోగ్రత 34 డిగ్రీలు పెరిగింది. కానీ ప్లాస్టిక్ కనెక్టర్లు, ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్లు, స్విచ్‌లు, ఎల్‌ఈడీలు తట్టుకునే వేడి దానంతట అది పెరగదు. డేటాషీట్‌లో రీఫ్లో గరిష్ఠ ఉష్ణోగ్రత చూడండి. జె-ఎస్‌టీడీ-020 ప్రమాణం ప్రకారం లెడ్ ఫ్రీ రీఫ్లోకి పార్టులను వాటి మందం, పరిమాణాన్ని బట్టి 245, 250 లేదా 260 డిగ్రీలకు పరీక్షిస్తారు. చిన్నవి 260కి, పెద్దవి 245కి.

తేమ సంగతి కూడా ఇక్కడే చూసుకోండి. పార్టు ప్లాస్టిక్ ఒంట్లోకి గాలిలోని తేమ చేరుతుంది. రీఫ్లోలో ఆ తేమ ఒక్కసారిగా ఆవిరై లోపల పగుళ్లు తెస్తుంది. కొన్నిసార్లు పేలాలు వేగినట్టు చప్పుడు కూడా వినిపిస్తుంది. వేడి పెరిగితే ఈ ప్రమాదం పెరుగుతుంది కాబట్టి, 220 డిగ్రీలకు ఫర్వాలేదనిపించిన పార్టు 260 డిగ్రీలకు తేమ విషయంలో మరింత కఠినమైన తరగతిలోకి వెళ్లవచ్చు. మూడో తరగతి పార్టు కవరు తెరిచాక 30 డిగ్రీలు, 60 శాతం తేమ మించని గదిలో 168 గంటల్లోపు రీఫ్లో అయిపోవాలి. కవరు తెరిచిన తేదీ, సమయం దాని మీద పెన్నుతో రాసే అలవాటు చేయండి. గడువు దాటితే బేకింగ్ (తేమ పోయేలా వేడిచేయడం) తప్పదు.

బోర్డు విషయంలో రెండు చూడాలి. ఒకటి ప్యాడ్ల (బోర్డు మీద పార్టులను అతికించే రాగి చోట్ల) పూత. పాత హాట్ ఎయిర్ లెవలింగ్ (సోల్డర్ పూసి వేడి గాలితో చదును చేసే) పూతలో సీసం ఉంటుంది. దాని బదులు లెడ్ ఫ్రీ హాట్ ఎయిర్ లెవలింగ్, నికెల్ మీద బంగారం పూత, ఓఎస్‌పీ (రాగిని కాపాడే పలుచని సేంద్రియ పూత), ఇమ్మర్షన్ వెండి, ఇమ్మర్షన్ తగరం ఉన్నాయి. సన్నని పిచ్ (కాళ్ల మధ్య దూరం తక్కువున్న) ఐసీలు, బీజీఏలు (కాళ్లకు బదులు అడుగున సోల్డర్ బాల్స్ ఉండే చిప్‌లు) ఉంటే ప్యాడ్లు చదునుగా ఉండాలి కాబట్టి నికెల్ మీద బంగారం పూత గానీ ఓఎస్‌పీ గానీ తీసుకోండి. ఓఎస్‌పీ చవక, కానీ ఎక్కువ కాలం నిల్వ ఉంచితే, రెండు మూడు సార్లు వేడి తగిలితే సోల్డర్ సరిగా పట్టదు. రెండోది బోర్డు లామినేట్, అంటే బోర్డును చేసిన పదార్థం. మామూలు ఎఫ్‌ఆర్4 రకంలో టీజీ, అంటే పదార్థం మెత్తబడటం మొదలయ్యే వేడి, 130 నుంచి 140 డిగ్రీల వరకు ఉంటుంది. పొరలు ఎక్కువున్న మందమైన బోర్డు అయితే 150 పైన, వీలైతే 170 టీజీ ఉన్నది అడగండి. ఒంటి పొర, రెండు పొరల పలుచని బోర్డుకు అంత అవసరం లేదు.

నాలుగో అడుగు: పాత స్టాకును గోడ కట్టినట్టు వేరు చేయండి

మార్పు ఒక్క రోజులో జరగదు. కొన్నాళ్లు రెండు రకాలూ పక్కపక్కన నడుస్తాయి. అదే అసలు టెన్షన్ పెట్టే కాలం.

రంగు పెట్టుకోండి. లెడ్ ఫ్రీ అంటే ఆకుపచ్చ అనుకుంటే ఆకుపచ్చే: డబ్బాలు, ట్రేలు, ఐరన్ స్టాండు, వైరు రీలు, స్పాంజి, అన్నీ. సీసం ఉన్న పార్టులకు పార్టు నంబరు చివర ఒక అక్షరం చేర్చి కంప్యూటర్‌లో వేరే నంబరుగా పెట్టండి. చాలామంది సప్లయర్లు సీసం తీసేశాక కూడా పాత నంబరే కొనసాగించారు. అప్పుడు తయారీ తేదీ కోడ్ తప్ప గుర్తుపట్టే దారి ఉండదు. పార్టుల మీద, రీళ్ల మీద 'ఇ' అక్షరం పక్కన అంకె ఉన్న చిన్న గుర్తు కనిపిస్తే దాన్ని చదవడం నేర్పండి. 1 ఉంటే తగరం, వెండి, రాగి. 3 ఉంటే ఒట్టి తగరం. 4 ఉంటే విలువైన లోహపు పూత. 6 ఉంటే బిస్మత్ ఉందని. 6 కనిపించిన పార్టును సీసపు సోల్డర్ దగ్గరికి వెళ్లనివ్వొద్దు, 96 డిగ్రీల సంగతి గుర్తుందిగా.

స్టెన్సిల్ (పేస్టు పూయడానికి వాడే రంధ్రాల రేకు), పేస్టు గరిట, స్క్వీజీ (పేస్టును పరిచే బ్లేడు), సోల్డర్ పీల్చే పంపు, డీసోల్డరింగ్ వైరు, ఐరన్ టిప్పులు రెండు సెట్లు కావాలి. టిప్పు ఒక్కటే కదా అని పంచుకోవద్దు. పాత టిప్పు మీద పూసి ఉన్న సోల్డర్ కొత్త జాయింటులోకి నేరుగా వెళ్తుంది.

రీవర్క్ (తప్పు జాయింట్లు సరిదిద్దే) బెంచీ డ్రాయర్లు మీరే స్వయంగా తెరిచి చూడండి. ఇది అనుమానంతో చెప్పడం లేదు. ఏళ్లుగా ఒకే వైరుతో చక్కటి జాయింట్లు వేసిన మనిషికి ఆ వైరు మీద ప్రేమ ఉంటుంది, కొత్తది సరిగా పారకపోతే చేయి దానికోసమే వెతుకుతుంది. వాళ్లతో కూర్చుని, ఎందుకు మారుస్తున్నామో చెప్పి, ఆ సగం రీళ్లు అడిగి తీసుకోండి. లాక్కుంటే ఇంకెక్కడో దాస్తారు.

ఐదో అడుగు: వేవ్ మెషీన్

ఎక్కువ డబ్బు, ఎక్కువ ఓపిక పట్టేది ఇక్కడే. కాస్త నిదానంగా చదవండి.

మొదట పాట్ ఏ లోహంతో చేశారో కనుక్కోండి. పాత మెషీన్లలో పాట్, పంపు, నాజిల్ మామూలు స్టెయిన్‌లెస్ స్టీలువి. తగరం పాలు ఎక్కువున్న లెడ్ ఫ్రీ సోల్డర్, అదీ 255 నుంచి 265 డిగ్రీల దగ్గర, ఆ స్టీలును మెల్లగా తినేస్తుంది. పంపు రెక్కలు ముందు పోతాయి. వదిలేస్తే పాట్ గోడకే చిల్లు పడవచ్చు. అంటే వందల కిలోల కరిగిన లోహం నేల మీదికి. టైటానియం, పోత ఇనుము, లేదా లెడ్ ఫ్రీ కోసమే ప్రత్యేకంగా పూత వేసిన భాగాలు కావాలి. మెషీన్ తయారీదారును రాతపూర్వకంగా అడగండి.

తర్వాత పాట్ ఖాళీ చేయడం. ఈ లెక్క ఒకసారి కాగితం మీద వేసి చూడండి. పాట్ 400 కిలోలది. పాత సోల్డర్ అంతా తీశామనుకున్నారు గానీ అడుగున, పంపు మూలల్లో 4 కిలోలు మిగిలింది. అంటే ఒక్క శాతం. అందులో సీసం 37 శాతం, 1.48 కిలోలు. 400 కిలోల కొత్త సోల్డర్‌లో అది 0.37 శాతం. హద్దుకు మూడు రెట్ల పైనే. మిగిలింది ఒక్క కిలో అయినా 0.0925 శాతం వస్తుంది, హద్దు అంచున నిలబడ్డట్టే. ఆ తర్వాత కొద్దిపాటి సీసం చేరినా దాటిపోతుంది.

అందుకే మధ్యలో కడగాలి. ఖాళీ చేశాక పాట్‌లో 200 కిలోల ఒట్టి తగరం కరిగించి, పంపు నడిపించి, మళ్లీ ఖాళీ చేయండి. ఆ 4 కిలోలు ఇప్పుడు 204 కిలోల్లో కలిశాయి, సీసం 0.73 శాతానికి పలచబడింది. రెండోసారి ఖాళీ చేసినప్పుడు మళ్లీ 4 కిలోలు మిగిలినా అందులో సీసం 29 గ్రాములే. 400 కిలోల కొత్త సోల్డర్‌లో అది 0.007 శాతం. కడిగిన ఆ తగరాన్ని విడిగా పోసి, సీసం ఉందని రాసి, రీసైక్లింగ్‌కి పంపండి. కన్వేయర్ ఫింగర్లు, ప్యాలెట్లు కూడా గీకి శుభ్రం చేయాలి, వాటికి అంటిన సోల్డర్ ప్రతి బోర్డుతో పాటు పాట్‌లోకి దిగుతుంది.

కొత్త సోల్డర్ పోశాక మొదటి నమూనా వెంటనే ల్యాబ్‌కి పంపండి. మొదటి కొన్ని నెలలు తరచుగా పంపండి. పాత పూత ఉన్న కాళ్లు ఎక్కడినుంచో వస్తుంటే ఆ అంకె మెల్లగా పైకి ఎక్కుతుంది. మీ స్టోరు రూములో ఏం జరుగుతోందో పాట్ మీకు చెప్పేస్తుంది.

అదే రిపోర్టులో రాగి అంకె కూడా చూడండి. బోర్డుల మీది రాగి కరిగి పాట్‌లో చేరుతుంది. 1 శాతం దగ్గరికి వస్తే సోల్డర్ చిక్కబడి బ్రిడ్జ్‌లు (పక్కపక్క కాళ్లను కలిపేసే సోల్డర్) ఎక్కువవుతాయి. సీసపు పాట్‌లో పాత పద్ధతి ఏమిటంటే, పాట్ కాస్త చల్లార్చితే రాగి, తగరం కలిసిన సూదుల్లాంటి ముక్కలు పైకి తేలేవి, గరిటెతో తీసేసేవాళ్లం. లెడ్ ఫ్రీ సోల్డర్ సాంద్రత తక్కువ కాబట్టి ఆ ముక్కలు అడుగుకు మునుగుతాయి. పాత అలవాటు ఇక్కడ పనిచేయదు. రాగి తక్కువున్న బార్లతో పాట్ నింపుతూ అంకెను కిందికి తేవాలి.

ఆరో అడుగు: రీఫ్లో ప్రొఫైల్ కొత్తగా వేయండి

ఓవెన్‌లో బోర్డు ఎప్పుడు ఎంత వేడెక్కాలో చెప్పేదే ప్రొఫైల్. పాత ప్రొఫైల్‌కి అన్ని జోన్లలో 30 డిగ్రీలు కలిపేసి నడిపించడం చాలాచోట్ల చూశాను. కుదరదు. సీసపు సోల్డర్‌లో కరిగే 183కీ పార్టు తట్టుకునే హద్దుకీ మధ్య చాలా చోటు ఉండేది. ఇప్పుడు 217కీ 245కీ మధ్యే మీ ఆట అంతా.

థర్మోకపుల్స్ (వేడి కొలిచే తీగలు) తీసుకుని బోర్డు మీద అన్నిటికంటే బరువైన పార్టు దగ్గర ఒకటి, అన్నిటికంటే చిన్న పార్టు దగ్గర ఒకటి, బీజీఏ ఉంటే దాని మధ్య బాల్ కింద ఒకటి అతికించండి. నిజమైన బోర్డు మీద, నిజమైన పార్టులతో కొలవండి. వేడెక్కే వేగం సెకనుకు 3 డిగ్రీలు మించొద్దు. 150 నుంచి 200 డిగ్రీల మధ్య ఒకటి రెండు నిమిషాలు ఆగితే పెద్ద, చిన్న పార్టుల వేడి దగ్గరికి వస్తుంది. 217 పైన 60 నుంచి 90 సెకన్లు, గరిష్ఠం 235 నుంచి 245 వరకు. బరువైన పార్టు 235 చేరాలి, సున్నితమైనది తన హద్దు దాటకూడదు. రెండూ కుదరకపోతే వేడి పెంచకండి, కన్వేయర్ వేగం తగ్గించి చూడండి. అసలు అంకెలకు మీ పేస్టు డేటాషీట్‌దే చివరి మాట.

బీజీఏల దగ్గర ఒక ప్రమాదం ఉంది. లెడ్ ఫ్రీ బాల్స్ ఉన్న బీజీఏను పాత సీసపు పేస్టుతో, పాత ప్రొఫైల్‌తో అతికిస్తే బాల్ కరగనే కరగదు, పేస్టు మాత్రం దానికి అంటుకుంటుంది. టెస్టులో పాసవుతుంది. కొన్ని నెలల తర్వాత వేడి, చల్లదనం మారుతుంటే అక్కడే తెగుతుంది. మార్పు కాలంలో ఇలాంటి కలగలుపు బోర్డులు తయారు కానివ్వొద్దు.

ఏడో అడుగు: చేతి సోల్డరింగ్, చూసే కన్ను

సోల్డర్ పారడం లేదని ఐరన్‌ను 420కి పెంచేయడం మొదటి వారంలో అందరూ చేసే పని. ఫ్లక్స్ మాడిపోతుంది, ప్యాడ్ లేచిపోతుంది, టిప్పు ఇనుప పూత తొందరగా కరిగిపోతుంది. 350 నుంచి 380 మధ్య ఉంచి, వీలైనంత వెడల్పు టిప్పు వాడండి. వేడి ఎక్కువ కావడం కంటే వేడి తొందరగా చేరడం ముఖ్యం. పని ఆపినప్పుడు టిప్పు మీద కొత్త సోల్డర్ పూసి ఉంచాలి. బోర్డులోని గ్రౌండ్ పొరకు కలిసిన మందపాటి ప్యాడ్లకు కింది నుంచి ప్రీహీటర్ పెట్టండి.

త్రూ హోల్ (కాళ్లు బోర్డు రంధ్రాల్లోకి దిగే) పార్టు మార్చేటప్పుడు కరిగిన సోల్డర్ కింద ఎక్కువసేపు ఉంచొద్దు. రంధ్రం అంచు దగ్గర రాగి కరిగి సన్నబడుతుంది, బయటికి కనిపించదు. రెండోసారి కూడా కుదరకపోతే ఆ బోర్డును పక్కన పెట్టడమే మేలు.

ఇక కన్ను. సీసపు జాయింటు అద్దంలా మెరుస్తుంది. అలా మెరవకపోతే డ్రై సోల్డర్ (సరిగా అతకని జాయింటు) అని ఇన్నేళ్లూ నేర్పాం. శాక్ 305 జాయింటు మంచిదైనా మసకగా, రవ్వరవ్వగా ఉంటుంది. అంచు దగ్గర సోల్డర్ అంత పలుచగా పాకదు. చల్లారేటప్పుడు పైన చిన్న ముడతలు, గీతలు కూడా వస్తాయి. ఐపీసీ-ఏ-610 ప్రమాణంలో వీటికి వేరే ఫోటోలే ఉన్నాయి. మీ సొంత బోర్డుల మీద మంచి జాయింట్లు, చెడ్డ జాయింట్లు పెద్దవి చేసి ఫోటోలు తీసి ఇన్‌స్పెక్షన్ టేబుల్ ముందు అతికించండి. ఇది చేయకపోతే మీ వాళ్లు బాగున్న జాయింటును బాగుచేయబోయి పాడుచేస్తారు.

ఎనిమిదో అడుగు: తగరపు మీసాలు

ఒట్టి తగరం పూత మీద నెలల తర్వాత, కొన్నిసార్లు ఏళ్ల తర్వాత, వెంట్రుక కంటే సన్నని లోహపు పోగులు మొలుస్తాయి. పక్క కాలిని తాకితే షార్ట్. తగరంలో కాస్త సీసం కలిపితే ఇవి అణుగుతాయని 1950ల్లోనే తెలిసింది. ఇప్పుడు ఆ సీసాన్ని మనమే తీసేస్తున్నాం. 1998లో గెలాక్సీ 4 ఉపగ్రహం పనిచేయకుండా పోవడానికి ఇలాంటి మీసాలే కారణమని తేల్చారు.

భయపడి ఆగిపోవాల్సిన పని లేదు. మెరిసే తగరం పూత వద్దని చెప్పి మ్యాట్ తగరం అడగండి. పూత కింద నికెల్ పొర ఉన్నవి, లేదా పూత వేసిన 24 గంటల్లోపు 150 డిగ్రీల దగ్గర గంటసేపు వేడిచేసినవి తీసుకోండి. సన్నని పిచ్ కనెక్టర్లకు బంగారం పూత మంచిది. ఏళ్ల తరబడి నడవాల్సిన బోర్డుకు కన్ఫార్మల్ కోటింగ్ (బోర్డునంతా కప్పే పలుచని రక్షణ పొర) వేయండి. వైద్య పరికరాలు, విమానాలు, వాహనాల బ్రేకుల లాంటివి తయారుచేసేవాళ్లు ఈ అడుగు మీద విడిగా పరీక్షలు చేయకుండా ముందుకు వెళ్లొద్దు.

తొమ్మిదో అడుగు: నిజంగా పోయిందా చూసుకోండి

సప్లయర్ ఇచ్చిన కాగితం ఉంటే చాలదు, లేకపోతే అసలు కుదరదు. ప్రతి పార్టుకీ పదార్థాల వివరాల పత్రం తీసుకోండి. లాట్ నంబరు, తేదీ ఉన్నదే తీసుకోండి. మా ఉత్పత్తులన్నీ రోహ్స్‌కి అనుగుణం అని ఒక్క వాక్యం రాసిన ఉత్తరం దేనికీ పనికిరాదు. ఈ పత్రాలను ఎలా కూర్చాలో ఐఈసీ 63000 ప్రమాణంలో ఉంది.

తర్వాత వచ్చే లాట్లలో కొన్నిటిని ఎక్స్‌ఆర్‌ఎఫ్ (ఎక్స్ కిరణాలతో ఏ మూలకం ఎంతుందో కొలిచే) యంత్రంతో చూడండి. సొంతంగా కొనలేకపోతే ల్యాబ్‌కి పంపండి. కొత్త సప్లయర్లు, చవకగా వచ్చిన లాట్లు, పాత తేదీ కోడ్‌లు ముందు. ఐఈసీ 62321 పద్ధతి ప్రకారం లోహాలు, ప్లాస్టిక్‌లలో సుమారు 700 నుంచి 1300 పీపీఎం మధ్య వచ్చిన అంకెను నమ్మకూడదు, రసాయన పరీక్షకు పంపాలి. ఇంకో చిక్కు ఏమిటంటే ఎక్స్‌ఆర్‌ఎఫ్ పలుచని పూతను దాటి కింది లోహాన్ని కూడా చూస్తుంది. కనెక్టర్ పిన్నులో 2 శాతం సీసం అని చూపిస్తే అది పూతలోది కాకపోవచ్చు, కింద వెసులుబాటు ఉన్న ఇత్తడిలోది కావచ్చు. మంచి పార్టును తిప్పి పంపే ముందు పూతను గీకి విడిగా చూడండి.

చివరి పని: పాతదాన్ని సాగనంపడం

పాత బార్లు, సగం రీళ్లు, గడువు తీరిన పేస్టు, డ్రాస్, పాత టిప్పులు, స్పాంజీలు, తుడిచిన గుడ్డలు అన్నీ మూతలున్న డబ్బాల్లో పెట్టి, సీసం ఉందని రాసి, అనుమతి ఉన్న రీసైక్లర్‌కే ఇవ్వండి. డ్రాస్‌లో మంచి లోహం చాలా ఉంటుంది, డబ్బు కూడా వస్తుంది. అయినా షెడ్డులో పొయ్యి మీద కరిగించి తగరం తీసేవాళ్లకు మాత్రం ఇవ్వొద్దు. అక్కడ ఆ పొడి పీల్చేది ఇంకొకరి పిల్లలు.

బెంచీలు, డ్రాయర్ల లోపల, మెషీన్ల కింద పొడి చీపురుతో ఊడ్చొద్దు. తడి గుడ్డతో తుడవండి, లేదా హెపా ఫిల్టర్ ఉన్న వాక్యూమ్ వాడండి. కంప్రెసర్ గాలి కొడితే ఇన్నేళ్ల పొడి గది అంతా లేస్తుంది. తుడిచిన గుడ్డలు కూడా ఆ డబ్బాలోకే. ఆ తర్వాత పాత పనిబట్టలు మార్పించి, బెంచీ మీద ఆకుపచ్చ స్టిక్కరు అతికించండి.